పరీక్ష ఏ మిషన్ మీద?

1888 జులై 25న ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరంలో ఒక పందెం జరిగింది. సాల్ట్ లేక్ సిటీ న్యాయస్థానంలో స్టెనోగ్రాఫరుగా పనిచేస్తున్న ఫ్రాంక్ మెక్‌గరిన్ ఒకవైపు, సిన్సినాటిలోనే టైపు నేర్పే లూయీ ట్రాబ్ మరొకవైపు కూర్చున్నారు. 45 నిమిషాలపాటు ఒకరు చదువుతుండగా విని టైపు చేయాలి, మరో 45 నిమిషాలు ఎదుట ఉన్న కాగితం చూసి టైపు చేయాలి. పందెం సొమ్ము 500 డాలర్లు. మెక్‌గరిన్ ముందున్నది రెమింగ్టన్ యంత్రం. షిఫ్టు నొక్కితే అదే మీట చిన్న అక్షరానికి బదులు పెద్ద అక్షరాన్ని అచ్చువేస్తుంది. ట్రాబ్ ముందున్నది క్యాలిగ్రాఫ్. దానికి షిఫ్టు లేదు, పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ వేర్వేరు మీటలు. మెక్‌గరిన్ మీటల వంక చూడకుండా, వాటి స్థానాలను కంఠస్థం చేసిన వేళ్లతో నిమిషానికి 95 మాటలకు తగ్గకుండా రెండు పరీక్షలూ ముగించాడు. ట్రాబ్ మీటలు వెతుక్కుంటూ, చూసి రాయవలసిన భాగంలో మరీ వెనుకబడ్డాడు.

పత్రికలు ఈ విజయం గురించి విస్తారంగా రాశాయి. అయితే గెలిచింది మనిషా, పద్ధతా, యంత్రమా? మెక్‌గరిన్ వాడిన పద్ధతిని క్యాలిగ్రాఫ్ మీద కూడా సాధించవచ్చునేమో, ఎవరూ విడదీసి చూడలేదు. రెమింగ్టన్ గెలిచిందన్న మాట మాత్రం నిలిచిపోయింది. టైపు నేర్చుకోదలచినవారు ఏ యంత్రం మీద సాధన చేయాలన్న ప్రశ్నకు అదే జవాబుగా వ్యాపించింది.

నేను నివసించే డబ్లిన్ ఊరు ఆ సిన్సినాటికి కారులో రెండు గంటల దూరం. ఐర్లండు డబ్లిన్ కాదు, ఒహాయోలో కొలంబస్ నగరానికి ఆనుకొని ఉన్న డబ్లిన్. మన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. ఆ పందెం కథ నాకు మళ్లీ గుర్తుకు రావడానికి కారణం ఆంధ్రప్రదేశ్ నుంచి ఫోనులో వచ్చిన ఒక ప్రశ్న. గ్రూప్-2 ఉద్యోగానికి కంప్యూటర్ ప్రావీణ్య పరీక్ష రాయవలసిన మా మేనల్లుడు, "మావయ్యా, ఇంట్లో లాప్‌టాప్‌లో లిబ్రెఆఫీస్ ఉంది. దాని మీద ప్రాక్టీస్ చేస్తే చాలదా? మైక్రోసాఫ్ట్‌దే కొనాలా?" అని అడిగాడు. వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్న కాదు గాని, అమెరికాలో ఉన్నవాడికి కంప్యూటర్ల గురించి తెలియదంటే మన ఊళ్లలో ఎవరూ నమ్మరు. ఈ చిన్న ప్రశ్న వెనుక నూట ముప్పయ్యేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆఫీసు నైపుణ్యానికి పెట్టే పరీక్ష పనిని పరీక్షిస్తుందా, పనిముట్టును పరీక్షిస్తుందా అన్నది ఆ చరిత్ర పొడుగునా నడిచిన ప్రశ్న.

ఆర్థికశాస్త్రజ్ఞులకు ఈ విషయం మీద ఒక ప్రసిద్ధమైన వివాదం ఉంది. 1985లో పాల్ డేవిడ్ అనే ఆర్థిక చరిత్రకారుడు, మన కీబోర్డుల మీద ఉండే క్వెర్టీ అమరిక మేలైనది కాకపోయినా తొలినాటి యాదృచ్ఛిక సంఘటనల వల్ల స్థిరపడిపోయిందని వాదించాడు. టైపు నేర్చినవారు ఎక్కువ గనక యజమానులు ఆ యంత్రాలే కొన్నారు, ఆ యంత్రాలే ఉన్నాయి గనక కొత్తవారు వాటి మీదే నేర్చుకున్నారు. 1990లో లీబోవిట్జ్, మార్గోలిస్ అనే ఇద్దరు దీన్ని ఖండించారు. క్వెర్టీ కంటే ఇతర అమరికలు ఎంతో మెరుగైనవన్న ఆధారాలే బలహీనమైనవనీ, ఆ రోజుల్లో టైపు పందేలు అనేకం జరిగాయనీ, ఒక్క సిన్సినాటి వల్ల లోకం మారిపోలేదనీ వారి వాదం. ఎవరిది ఒప్పో తేల్చే అర్హత నాకు లేదు. కాని ఇద్దరూ మార్కెట్టు వైపు నుంచి చూశారు. పరీక్షార్థి వైపు నుంచి చూస్తే లెక్క వేరు. అమరిక మంచిదైనా చెడ్డదైనా, దాన్ని మార్చుకోవడానికయ్యే ఖర్చు ఎవరిది? యంత్రం అమ్మినవాడిదీ కాదు, పరీక్ష పెట్టినవాడిదీ కాదు. నేర్చుకునేవాడి వేళ్లదే.

ఇక మన ప్రాంతానికి వద్దాం. 1980ల ఆంధ్రప్రదేశ్‌లో ఓ మోస్తరు ఊరికి కూడా ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పదో తరగతి పరీక్షలు కాగానే వేసవి సెలవుల్లో మాబోటి తెలుగు మాధ్యమం పిల్లలను అక్కడ చేర్చేవారు. డాక్టరు చదువు వస్తుందో రాదో, టైపు లోయర్ పాసైతే ఏదో ఒక గుమాస్తా ఉద్యోగమైనా దొరుకుతుందని పెద్దల ధీమా. ఎ, ఎస్, డి, ఎఫ్ అంటూ ఎడమచేతి వేళ్లు మొదలయ్యేవి. రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి లోయర్, హయ్యర్ పరీక్షలు పెట్టేది. ఇంగ్లీషు లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45. వేగం ఒక పేపరు. రెండో పేపరులో ఒక ఉత్తరాన్ని సరైన పద్ధతిలో అమర్చాలి, అంకెలతో నిండిన ఒక స్టేట్‌మెంటును నిలువు వరుసలు తప్పకుండా టైపు చేయాలి. స్టేట్‌మెంటు అంటే చాలామందికి హడలు. ఎన్ని గళ్లు వదలాలో ముందే లెక్కకట్టి ట్యాబులు పెట్టుకోకపోతే చివరి వరుస కాగితం దాటిపోయేది.

ఆ పరీక్షలో ఇప్పుడు ఆలోచిస్తే విశేషంగా తోచే అంశం ఒకటుంది. ప్రశ్నపత్రంలో ఎక్కడా కంపెనీ పేరు ఉండేది కాదు. రెమింగ్టన్ కావచ్చు, 1955 నుంచి మనదేశంలోనే తయారైన గోద్రెజ్ కావచ్చు, హాల్డా, ఫేసిట్ కావచ్చు, ఇంగ్లీషు మీటల అమరిక అన్నింటిలో ఒకటే. చాలాచోట్ల అభ్యర్థులు తాము సాధన చేసిన మిషన్‌నే రిక్షాలో పెట్టుకొని పరీక్షా కేంద్రానికి మోసుకువెళ్లేవారు. పన్నెండు పదిహేను కిలోల ఇనుము మోయడం ఇప్పటివారికి హాస్యంగా అనిపించవచ్చు. కాని దానిలో ఒక న్యాయం ఉంది. వేగం ఎంత ఉండాలో, ఉత్తరం ఎలా ఉండాలో పరీక్ష నిర్ణయిస్తుంది. దేని మీద చేయాలన్నది అభ్యర్థి ఇష్టం. వాడి వేళ్లకు అలవాటైన మిషన్ వాడితోపాటే వస్తుంది.

కంప్యూటరు వచ్చాక ఈ న్యాయం తెలియకుండానే జారిపోయింది.

1990ల మొదట్లో అవే ఇన్‌స్టిట్యూట్‌ల బోర్డుల మీద "డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్" అన్న నాలుగు పేర్లు వెలిశాయి. వెనుకగదిలో టైపు మిషన్లు, ముందుగదిలో ఏసీ పెట్టి రెండు కంప్యూటర్లు, చెప్పులు బయట. ఈ పేర్లు ఎక్కడివి? వర్డ్‌స్టార్ 1978లో, లోటస్ 1-2-3 1983లో అమెరికాలో వెలువడిన సరుకులు. ఉత్తరానికి వర్డ్‌స్టార్, స్టేట్‌మెంటుకు లోటస్, రిజిస్టరుకు డీబేస్ అన్నమాట. గుమాస్తా పని మారలేదు, దానికి కంపెనీ పేరు వచ్చి చేరింది. వర్డ్‌స్టార్ నేర్చినవారికి కంట్రోల్ మీటతో ఎస్, డి, ఇ, ఎక్స్ నొక్కి తెరమీద నలుదిక్కులా తిరగడం, కంట్రోల్-కె, డి తో భద్రపరచడం వేళ్లకు పట్టేసింది. కోర్సు పూర్తయిన సర్టిఫికెట్టు చేతికి వచ్చిన కొద్ది ఏళ్లకే విండోస్ వచ్చింది, దానితో వర్డ్, ఎక్సెల్ వచ్చాయి. టైపు హయ్యర్ సర్టిఫికెట్టు ముప్పయ్యేళ్లు చెల్లింది. వర్డ్‌స్టార్ సర్టిఫికెట్టు అయిదేళ్లు చెల్లడమే గొప్ప.

అయితే పూర్తిగా వృథా అయిందనడం సరికాదు. వేళ్లు నేర్చుకున్నది పోయింది గాని, తల నేర్చుకున్నది ఉంది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విజికాల్క్‌లో నిలువు వరుసలకు అక్షరాలు, అడ్డు వరుసలకు అంకెలు పెట్టి ప్రతి గడినీ ఏ1, బి2 అని పిలిచారు. లోటస్ దాన్నే అనుసరించింది, ఎక్సెల్ అనుసరించింది, నేటి లిబ్రెఆఫీస్ కాల్క్ కూడా అంతే. లోటస్ చేసిన ఒక తప్పును సైతం ఎక్సెల్ తెలిసి మోస్తున్నది: 1900వ సంవత్సరానికి లేని ఫిబ్రవరి 29ని ఎక్సెల్ ఈనాటికీ ఉన్నట్టుగానే లెక్కిస్తుంది, పాత లోటస్ పట్టికలు చెడకూడదని. శరీరంలో అపెండిక్స్ వంటిదని నా వృత్తివాళ్లకు చెబుతుంటాను.

మైక్రోసాఫ్ట్ ఆఫీస్ అనే మూట 1989లో మాకింటోష్‌కు, 1990లో విండోస్‌కు వచ్చింది. దానికి ప్రత్యామ్నాయం ఒక జర్మన్ కుర్రవాడు మార్కో బోరీస్ 1980ల నడుమ మొదలుపెట్టిన స్టార్‌రైటర్ నుంచి పుట్టింది. అది స్టార్‌ఆఫీస్‌గా పెరిగి, 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ చేతికి వెళ్లి, 2000లో దాని సోర్సు కోడ్ అందరికీ తెరిచినప్పుడు ఓపెన్‌ఆఫీస్ అయింది. సన్‌ను ఒరాకిల్ కొన్నాక, 2010 సెప్టెంబరులో కొందరు నిర్మాతలు విడిపోయి లిబ్రెఆఫీస్ అని పేరు పెట్టుకున్నారు. డబ్బు ఇవ్వనక్కరలేదు, ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు. ఇక్కడొక చమత్కారం ఉంది. 2007లో మైక్రోసాఫ్ట్ తన పాత మెనూలను తీసేసి, పైన రిబ్బన్ అనే కొత్త పట్టీని పెట్టింది. 2003 నాటి వర్డ్ మీద నేర్చుకున్న గుమాస్తాకు ఆనాడు అదే కంపెనీ కొత్త సరుకు కంటే పోటీదారు సరుకే ఎక్కువ పరిచితంగా కనిపించింది. కంపెనీ పేరును నమ్ముకొని సాధన చేసినా, ఆ పేరు వెనుక ఉన్న వస్తువు మారకుండా ఉంటుందన్న భరోసా లేదు.

మరి పరీక్షలు ఏం చేశాయి? ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్-2 ప్రకటనలలో కొన్నేళ్లుగా ఈ కంప్యూటర్ పరీక్ష కనిపిస్తున్నది. 100 మార్కులు, 60 నిమిషాలు. సాధారణ వర్గానికి 40, వెనుకబడిన తరగతులకు 35, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 30 వస్తే గట్టెక్కినట్టే. ఆ మార్కులు ర్యాంకుకు కలవవు, కాని తప్పితే ఉద్యోగం లేదు. పరీక్ష పేరులో "ఆఫీస్ ఆటోమేషన్", "తత్సంబంధ సాఫ్ట్‌వేర్" అన్న సాధారణ మాటలే ఉన్నాయి. లోపలికి వెళితే మాత్రం ఉత్తరమో పేరానో ఎంఎస్ వర్డ్‌లో, పట్టికో గ్రాఫో ఎంఎస్ ఎక్సెల్‌లో, స్లయిడ్లు పవర్‌పాయింట్‌లో అని పేర్లతో సహా కనిపిస్తాయి. టైపు పరీక్షలోని ఉత్తరం, స్టేట్‌మెంటు రెండూ ఇక్కడ యథాతథంగా ఉన్నాయని పాఠకులు గమనించే ఉంటారు. కొత్తగా చేరినది పనిముట్టు పేరే.

అన్నిచోట్లా ఇలా జరగలేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ నిర్వహించే ట్రిపుల్‌సీ పరీక్షకు సవరించిన పాఠ్యప్రణాళికలో లిబ్రెఆఫీస్ రైటర్, కాల్క్, ఇంప్రెస్ చేరాయి. సీబీఎస్ఈ పదో తరగతి ఐటీ పుస్తకాలలోనూ అదే ధోరణి. కేరళ మరింత ముందే కదిలింది. ఐటీ ఎట్ స్కూల్ పథకం కింద, ఈ శతాబ్దపు మొదటి దశకం ముగిసేలోగా, ఆ రాష్ట్రపు పాఠశాలల్లో పదో తరగతి ఐటీ ప్రాక్టికల్ పరీక్ష స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదకు మారింది. ఉపాధ్యాయులకు ముందు శిక్షణ ఇచ్చి, పాఠ్యపుస్తకాలు మార్చి, ఆ తరువాత పరీక్ష మార్చారు. ఈ వరుసలో జరిగింది గనకనే అది నిలిచింది.

కాని పనిముట్టు పేరు మార్చినంత మాత్రాన సమస్య తీరదు. ట్రిపుల్‌సీ 100 బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష. ఫలానా ఆదేశం ఏ మెనూలో ఉంది, ఫలానా మీట నొక్కితే ఏమవుతుంది అన్న తరహా ప్రశ్నలు వచ్చినప్పుడు, ఒక కంపెనీ మెనూలకు బదులు మరొకరి మెనూలను కంఠస్థం చేయడమే జరుగుతుంది. ఉచిత సాఫ్ట్‌వేర్ అభిమానులు కొందరు ఈ మార్పును విజయంగా భావిస్తారు. నాకు అది సగం విజయంగానే తోస్తుంది.

అసలు పేరే లేకుండా పరీక్ష పెట్టడం సాధ్యమా? ఐరోపా ఆ పని చేసింది. 1988లో ఫిన్లండు దేశంలో కంప్యూటర్ వాడకానికి ఒక "డ్రైవింగ్ లైసెన్సు" మొదలైంది. దాన్ని ఆధారం చేసుకొని 1990ల నడుమ ఐరోపా కంప్యూటర్ డ్రైవింగ్ లైసెన్సు రూపొందింది. దాన్ని నడిపే సంస్థ 1997లో ఐర్లండు డబ్లిన్‌లో ఏర్పడింది, ఆ రెండో డబ్లిన్‌లో. దాని పాఠ్యప్రణాళికలో ఉన్నది ఏ పని చేయగలగాలన్నదే, ఏ సరుకుతో అన్నది కాదు. పేజీకి శీర్షిక పెట్టగలగాలి, గడుల మొత్తం కట్టగలగాలి, అంతే. కారు నడపడానికి లైసెన్సు ఇచ్చేటప్పుడు టయోటాయా, ఫోర్డా అని అడగరు కదా అన్నది దాని పేరులోనే ఉన్న తర్కం. అదే 1997లో అమెరికాలో మైక్రోసాఫ్ట్ తన ఆఫీస్ వాడకందారులకు తానే సర్టిఫికెట్టు ఇవ్వడం మొదలుపెట్టింది. అది కంపెనీ పేరుతో, వెర్షన్ల వారీగా నడిచే పరీక్ష. ఒక కంపెనీ తన సరుకుకు పరీక్ష పెట్టుకోవడంలో ఆక్షేపించవలసింది లేదు. ప్రభుత్వం పెట్టే పరీక్ష ఈ రెండింటిలో దేనిని పోలి ఉండాలన్నది వేరే మాట.

మా ఒహాయో డబ్లిన్‌కు కూడా ఈ కథలో ఒక పాత్ర ఉంది. వేలాది గ్రంథాలయాల సూచికలను కలిపే ఓసీఎల్‌సీ అనే సంస్థ ప్రధాన కార్యాలయం ఇక్కడే. 1995 మార్చిలో ఆ సంస్థ పిలుపు మీద గ్రంథాలయ శాస్త్రజ్ఞులు, కంప్యూటర్ నిపుణులు ఇక్కడ సమావేశమై, ఏ పత్రానికైనా శీర్షిక, కర్త, తేదీ, విషయం వంటి వివరాలను ఒకే తీరుగా నమోదు చేసే పద్ధతిని నిర్ణయించారు. దానికి ఊరి పేరు మీద డబ్లిన్ కోర్ అని పేరు వచ్చింది. 2006లో అంతర్జాతీయ ప్రమాణమైన ఓపెన్‌డాక్యుమెంట్ రూపంలోనూ, 2008లో ప్రమాణంగా అంగీకరించబడిన మైక్రోసాఫ్ట్ వారి రూపంలోనూ ఈ డబ్లిన్ కోర్ పేర్లే వాడారు. ఈ రెండో రూపానికి ప్రమాణ హోదా ఇవ్వరాదని భారతదేశం ఓటు వేసిందన్నది కూడా చెప్పుకోదగిన సంగతే. ఏ ఆఫీస్‌లో చేసిన ఫైలునైనా జిప్ ఫైలులాగా విప్పి చూస్తే, లోపల శీర్షిక, కర్త అన్న మాటల ముందు డబ్లిన్ కోర్ అన్న పేరు తొలి అక్షరాలు కనిపిస్తాయి. పైన రిబ్బన్లు, మెనూలు ఎంత వేరైనా లోపలి భాష కొంతమేర ఒకటే.

మేనల్లుడికి నేను చెప్పింది ఈ చరిత్ర అంతా కాదు. పరీక్ష హాలులో ఉండే కంప్యూటరులో ఏముందో ముందు తెలుసుకోమన్నాను. రెండింటిలోనూ ఒకేలా ఉన్నవి ఏవి, వేరైనవి ఏవి అన్నది కాగితం మీద రాసుకోమన్నాను. అక్షరాలను దట్టం చేయడం, మధ్యకు జరపడం, కొత్త పేజీ మొదలుపెట్టడం, ఎఫ్5 నొక్కి స్లయిడ్లు చూపడం, సమ్, ఏవరేజ్, ఇఫ్, వీలుకప్ సూత్రాలు రెండింటా ఒకటే. ఉత్తరాన్ని పలు చిరునామాలకు ఒకేసారి తయారుచేసే మెయిల్ మెర్జ్, గ్రాఫుల అలంకరణ, డేటాబేసు, ఇవి చాలా వేరు. కాబట్టి ఎక్కువ కాలం ఇంట్లో ఉన్న లిబ్రెఆఫీస్‌తో పని నేర్చుకొని, చివరి మూడు వారాలు ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనో గంటకింత అని ఇచ్చి, పరీక్షలో పేరున్న సరుకు మీదే గడియారం పెట్టుకొని సాధన చేయమన్నాను. 60 నిమిషాలలో అన్ని భాగాలూ పూర్తిచేయవలసినప్పుడు మెనూ వెతుక్కోవడానికి పట్టే సమయం ట్రాబ్ మీటలు వెతుక్కున్న సమయం లాంటిదే.

ఇది అభ్యర్థికి ఇచ్చే సలహా. పరీక్ష పెట్టేవారి బాధ్యత వేరు. మా వైద్యుల లైసెన్సు పరీక్ష 1999లో కాగితం నుంచి కంప్యూటరుకు మారినప్పుడు, పరీక్షలో కనిపించే తెరనే నమూనా ప్రశ్నలతో సహా నిర్వాహకులు అభ్యర్థులకు ముందుగా ఉచితంగా అందజేశారు. హైదరాబాదులో చదివినవాడూ, బోస్టన్‌లో చదివినవాడూ అదే తెర మీద సాధన చేశారు. పరీక్షించదలచుకున్నది వైద్యం గనక, మౌసు దగ్గర ఎవరూ ఓడిపోకూడదన్నది వారి ఉద్దేశం. గ్రూప్-2 అభ్యర్థికి ఆ వెసులుబాటు లేదు. ఇంట్లో కంప్యూటరు ఉండాలి, దానిలో డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేరు ఉండాలి, లేదా ఇన్‌స్టిట్యూట్‌కు ఫీజు కట్టాలి, లేదా దొంగ కాపీ పెట్టుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగంలో చేరబోయేవాడిని చేరకముందే ఈ నాలుగో దారి వైపు నెట్టడం నాకు బొత్తిగా నచ్చని విషయం.

తెలుగు టైపింగు దగ్గర ఈ చిక్కు ఇంకా ముదిరి ఉంది. ఇంగ్లీషుకు కనీసం క్వెర్టీ అనే ఉమ్మడి అమరిక ఉంది. తెలుగుకు టైపు మిషన్ అమరిక ఒకటి, డీటీపీ కేంద్రాలలో అను ఫాంట్లతో పాటు వాడుకలోకి వచ్చిన ఆపిల్, మాడ్యులర్ అమరికలు మరో రెండు, 1986లో భారత ప్రభుత్వం రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ ఇంకొకటి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి, మన ప్రవాసులు ఇంటర్నెట్ తొలినాళ్లలోనే పెంచి పోషించినది, వేరే. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికినా, అది అక్షరాల సంకేతాలను నిర్ణయించింది గాని మీటల స్థానాన్ని కాదు. అందువల్ల అను ఫాంటులో ఆపిల్ అమరిక మీద పదేళ్లు పనిచేసిన డీటీపీ ఆపరేటరును, ఇన్‌స్క్రిప్ట్ మీద తెలుగు టైపు చేయమంటే నిమిషానికి పది మాటలు కూడా పడవు. అతనికి తెలుగు వచ్చు, టైపు వచ్చు, ఆఫీసు పని వచ్చు. ఫోనులో మాత్రం అతను కూడా ఇంగ్లీషు అక్షరాలు నొక్కే తెలుగు రాస్తాడు.